లామినేషన్ కట్టుకున్న మందుల చీటీ గారికి

మహారాజరాజశ్రీ బీపీ మందుల చీటీ గారి సముఖానికి ఒడిశాలోని రాయగడ నుంచి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. తమరి కుశలానికి లోటేమీ లేదు. ఆధార్ కార్డుకీ రేషన్ కార్డుకీ మధ్య, ప్లాస్టిక్ కవరులో, చెమ్మ తగలకుండా పడుకుని ఉన్నారు. తమర్ని నమ్ముకున్నవాళ్ల కుశలం గురించే ఈ నాలుగు ముక్కలు.

తమరు ఒకానొక మే నెల మధ్యాహ్నం పుట్టారు. ఆ పూట బీపీ 132/82. "అమ్లోడిపిన్ 5, ఇదే వాడండి" అని రాయించుకుని, తిన్నగా జిరాక్సు షాపుకెళ్లి లామినేషన్ చేయించుకున్నారు. అప్పట్నుంచీ గుణుపురంలో ఎండ మండినా, సెమిలిగుడలో మంచు దిగినా తమరిది ఒకటే మాట. పైగా తమరి చేతిరాత ఒడియా చదివేవాళ్లకూ తెలుగు చదివేవాళ్లకూ సమానంగా అర్థం కాదు. ఈ సరిహద్దు జిల్లాల్లో అంత సమదృష్టి మరే కాగితానికీ లేదు.

చిక్కల్లా ఒకటే. ప్లాస్టిక్ తొడుక్కున్న తమరికి చలి వేయదు, మనుషులకు వేస్తుంది. చలి తగలగానే చర్మం కింది సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి. నాళం వ్యాసార్ధం పదో వంతు తగ్గితే చాలు, అందులో రక్తానికి ఎదురయ్యే అడ్డు 50 శాతం పైగా పెరుగుతుంది. చేతుల్లో, కాళ్లలో చోటు తగ్గిన రక్తం ఒంటి నడుమకు చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని కిడ్నీలు కొంత బయటికి తోసేస్తాయి. పుష్యమాసంలో మాటిమాటికీ ఒంటేలుకు లేవడం అందుకే. నీరు పోయింది, కణాలు మిగిలాయి. చోడి అంబలిలో నీళ్లు తగ్గితే కొత్తగా పిండి కలపకపోయినా చిక్కబడదా? ఇదీ అంతే.

ఇది అరుగు మీది మాట కాదు. 1984లో బ్రిటిష్ శాస్త్రవేత్త కీటింగ్ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చు వేసిన ప్రయోగం ఒకటుంది. పలచని బట్టలతో ఉన్నవాళ్లను 24 డిగ్రీల గాలి వీచేచోట 6 గంటలు ఉంచారు. రక్తంలో కణాల వాటా 7 శాతం, రక్తం చిక్కదనం 21 శాతం పెరిగాయి. బీపీ సగటున 126/69 నుంచి 138/87కి ఎక్కింది. 24 డిగ్రీలంటే మన దగ్గర "హాయిగా ఉంది" అనే వాతావరణం. కొరాపుట్ ఘాట్ పైన జనవరి తెల్లవారుజాము సంగతి తమరే ఊహించుకోండి. ఊహ తమరికి అలవాటు లేదు, అది వేరే విషయం.

మరి ఎండాకాలమో? అక్కడే తమరూ, తమర్ని నమ్మినవాళ్లూ కలిసి బోల్తా పడతారు. వేసవిలో చర్మపు నాళాలు విచ్చుకుంటాయి, చెమటతో ఉప్పూ నీరూ పోతాయి, బీపీ దిగుతుంది. చలికాలానికీ వేసవికీ మధ్య తేడా సగటున పైఅంకెలో 5, కిందిఅంకెలో 3. కొందరిలో ఇంకా ఎక్కువ. బీపీ దిగింది కాబట్టి రక్తమూ పలచబడి ఉంటుందని అందరూ అనుకుంటారు. అదే కీటింగ్ బృందం 1986లో 41 డిగ్రీల వేడిలో 6 గంటలు ఉంచి చూస్తే, చెమట కారిన ఒంట్లో రక్తం చిక్కదనం 24 శాతం పెరిగింది. అంటే చలిలో బీపీ, చిక్కదనం రెండూ కలిసి ఎక్కుతాయి. ఎండలో ఒకటి దిగుతుంటే రెండోది ఎక్కుతుంది. బీపీ బాగుందని నీళ్లు తాగడం మరిచిపోయిన మనిషి పొలంలో పక్షవాతంతో పడిపోవచ్చు. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లకు మాత్రం నీళ్ల కొలత డాక్టరే చెప్పాలి.

తమరికి కవలలు కూడా ఉన్నారు, జనవరి ఉచిత వైద్య శిబిరాల్లో పుట్టినవాళ్లు. బీపీ ఎక్కువ ఉన్న రోజుల్లో రాసిన చీటీలు కదా, వాటిలో నీరు తీసే మాత్ర కలిసి ఉంటుంది. మాత్ర పేరు చివర హెచ్ ఉంటే చాలావరకు అదే. ఆ మోతాదే మే నెలలోనూ నడిస్తే, మంచం మీంచి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. అనుమానముంటే 5 నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో బీపీ చూడాలి. పైఅంకె 20 గానీ కిందిఅంకె 10 గానీ పడితే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. సొంతంగా మాత్ర మానేయకూడదు, సగం విరిచి మింగకూడదు. నీరసమని రోజూ ఓఆర్‌ఎస్ తాగడమూ తగదు. లీటరు ఓఆర్‌ఎస్‌లో 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది, రోజు మొత్తానికి చెప్పిన హద్దే 5 గ్రాములు. విరేచనాలప్పుడు అది మందు, బీపీ మనిషికి షర్బత్ కాదు.

తమరు పట్టించుకోనివి ఇంకా ఉన్నాయి. చాలా జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ ఉంటుంది, అది నాళాల్ని బిగిస్తుంది. చలికి మోకాళ్లు పట్టేశాయని కొనుక్కునే డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, తమరి కవలలు రాసిన నీరు తీసే మాత్ర పనినీ తగ్గిస్తుంది. ఒకటీ అరా పారాసిటమాల్ నయం. చలికి మందంటూ తాగే ఇప్పసారా చర్మాన్ని వెచ్చచేసి ఒంటి వేడిని బయటికి పంపుతుంది, ఒంటేలు పెంచి నీటినీ లాగేస్తుంది. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే అమ్మమ్మల రక్తంలో కణాల వాటా పొగ వల్లే పెరగొచ్చు. ఇక "రక్తం చిక్కబడిందట" అని షాపులో ఆస్పిరిన్ 75 అడిగి తెచ్చుకునేవాళ్లకో మాట. ఆస్పిరిన్ చిక్కదనాన్ని తగ్గించదు, ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు, ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. బీపీ అదుపులో లేనివాళ్లు అడక్కుండా వేసుకుంటే మెదడులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డాక్టరు రాసి ఇచ్చినవాళ్లు మాత్రం మానకూడదు.

ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే పుట్టుజబ్బు) సంగతి వేరు. వాళ్లకు చలీ, నీటి కొరతా రెండూ నొప్పుల్ని రప్పిస్తాయి. కణాలు బిరుసెక్కి సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే తమరి మాత్ర వాళ్ల జోలికి పోకూడదు.

ఇక తమరి జన్మరహస్యం. ఆ 132/82 ఎలా వచ్చిందో గుర్తుందా? షాపు కౌంటరు దగ్గర నిలబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి తీశారు. చలికాలంలో అదే పట్టీ స్వెట్టర్ మీద! చెయ్యి గుండె మట్టానికి 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే సుమారు 8 ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ వేసినా ఎక్కువే. సరైన పద్ధతికి ఖర్చేమీ లేదు. అరగంట ముందునుంచి టీ, చుట్ట లేకుండా, ఒంటేలు పోసి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. స్వెట్టర్ విప్పేటప్పుడు గది వెచ్చగా ఉండాలి, లేకపోతే ఆ చలికే బీపీ ఎక్కి కూర్చుంటుంది. అలాగని తలుపులన్నీ మూసి కుంపటి పెట్టుకోకండి, బొగ్గు విషవాయువు ప్రాణం తీస్తుంది.

సంక్రాంతి తర్వాత ఒక వారం, ఉగాది దాటి ఎండ ముదిరాక ఒక వారం, పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, నిమిషం ఎడంతో రెండేసిసార్లు చూడాలి. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు కట్టాలి. ఇంట్లో చూసిన సగటు 135/85 దాటినా, పైఅంకె 110 కిందికి పోయి తల తిరుగుతున్నా, ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ అంకెలు తమరి వీపు మీదే రాసుకుందామంటే లామినేషన్ మీద పెన్ను జారిపోతోంది. అందుకని రెండు రూపాయల తెల్లకాగితం ఒకటి కవరులో తమరి పక్కన పెడుతున్నాం. ఇరుకైనా కాస్త జరిగి చోటివ్వగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
బీపీ పట్టీ పట్టుకున్నవాళ్లు