ఉన్నది ఉన్నట్టు రాసేవాళ్లను ఏం చేద్దాం?

పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు ఆన్‌లైన్‌లో అమ్ముకునే వ్యవహారం మన దగ్గర చక్కగా నడుస్తోంది. అమ్మేవాడు ఏం రాస్తాడో కొనేవాడికి తెలుసు. అందులో కొనేవాడు ఎంత నమ్ముతాడో అమ్మేవాడికీ తెలుసు. ఎవరూ సంతకాలు పెట్టకుండానే ఏళ్ల తరబడి కుదురుకున్న ఒప్పందం ఇది. దాన్ని ఈ మధ్య కొందరు చెడగొడుతున్నారు. వస్తువు ఎలా ఉంటే అలా రాసేస్తున్నారు.

మా అపార్ట్‌మెంట్‌లో బ్యాంకు నుంచి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. తన ఫోన్ అమ్మకానికి పెడుతూ ఇలా రాశారు: "కొని మూడేళ్ల నాలుగు నెలలు. ఒకసారి మెట్ల మీద పడింది, కుడివైపు కింది మూల చొట్ట. బ్యాటరీ మధ్యాహ్నం మూడింటిదాకా వస్తుంది. సౌండ్ పెంచితే స్పీకర్ గరగరలాడుతుంది. డిస్‌ప్లే మార్పించాను, కంపెనీది కాదు." దీన్ని ప్రకటన అనరు, పంచనామా అంటారు.

మొదట ఫోన్ చేసిన కుర్రాడు ఆ పంచనామాను పక్కన పెట్టుకుని బేరం మొదలుపెట్టాడు. చొట్టకు వెయ్యి, స్పీకర్‌కు వెయ్యి, డిస్‌ప్లేకు రెండు వేలు తగ్గించాడు. లిస్టు అయిపోయాక, "అంకుల్, రాసినవి ఇవీ. మరి రాయనివి?" అన్నాడు. "ఇంకేం లేవు బాబూ" అన్నారాయన. "ఇన్ని రాశారంటే దాచినవి ఎన్ని ఉంటాయో" అని ఫోన్ పెట్టేశాడు. ఇందులో కుర్రాడి తప్పేమీ లేదు. ఎవరేం చెప్పినా సగం తీసేసి వినడం అలవాటైన చెవి అది. ఎదుటివాడు ముందే అన్నీ తీసేసి చెప్పాడని దానికెలా తెలుస్తుంది? అందులోంచి ఇంకో సగం తీసేసింది. మెట్ల మీద పడిందని ఒప్పుకున్న మనిషి బాల్కనీలోంచి పడిన సంగతి దాచి ఉంటాడని ఎవరికైనా అనిపిస్తుంది.

1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. కారు లోపలి సంగతి అమ్మేవాడికే తెలుస్తుంది కాబట్టి కొనేవాడు అన్నిటికీ ఒకే సగటు ధర కడతాడు. ఆ ధరకు గిట్టుబాటు కాక మంచి కారున్నవాడు ఇంటికి పోతాడు. చివరికి బజారులో డొక్కులు మిగులుతాయి. 2001లో ఆయనకు ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. హైదరాబాద్ అబిడ్స్‌లో సెల్‌ఫోన్ల బజారైన జగదీష్ మార్కెట్‌లో ఎవరిని అడిగినా ఇదే సంగతి ఒక టీ ఖర్చుతో చెప్పి ఉండేవాళ్లు. మా పెద్దాయన ఫోన్ తీసుకెళ్లి సొరుగులో పెట్టుకోవడం ఆ సిద్ధాంతం ప్రకారమే జరిగింది.

ఇలాంటి అమాయకుల కోసం, చెల్లుబాటులో ఉన్న పద్ధతి ఏమిటో కాస్త వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

"మింట్ కండిషన్", అంటే కొత్తదానిలా ఉందని రాయడానికి వస్తువు ఆన్ అయితే చాలు. ఆన్ కాకపోతే "చిన్న సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్, ఏ షాపులోనైనా రెండొందలకు చేసేస్తారు" అని రాయాలి. ఆ రెండొందలేవో తమరే పెట్టి, బాగైన ఫోన్‌ను ఇంకో ఐదువేలు ఎక్కువకు అమ్ముకోవచ్చు కదా అని అడగడం మర్యాద కాదు. అమ్మేవాళ్లకు బోలెడు పనులుంటాయి. "స్క్రాచ్ కూడా లేదు" అన్నది టెంపర్డ్ గ్లాస్ గురించి చెప్పే మాట. దాన్ని తీసి చూపించమంటే, "నిన్ననే వేయించాను సార్, తీస్తే మూడొందలు పోతాయి" అంటారు. నిన్ననే ఎందుకు వేయించాల్సి వచ్చిందన్నది వేరే చర్చ.

"మేడమ్ వాడిన ఫోన్" అన్నదానికి మాత్రం ప్రత్యేక గౌరవం ఉంది. ఆడవాళ్లు వాడిన ఫోన్ కందకుండా ఉంటుందని బజారు గట్టిగా నమ్ముతుంది. ఆ ఇంట్లో ఆ ఫోన్ ఏం చేసిందో బజారుకు అనవసరం. పొద్దున పోపు వేస్తుంటే స్టవ్ పక్కన నిలబడి గుత్తివంకాయ వీడియో చూపించింది. తడిచేత్తో తోస్తే తోయించుకుంది. మధ్యాహ్నం స్కూలు గ్రూపులో నూట ముప్పై మెసేజ్‌లు మోసింది. సాయంత్రం పెద్దాడి ట్యూషన్, రాత్రి చిన్నాడికి అన్నం తినిపించేదాకా కార్టూన్లు. చిన్నాడికి కోపం వస్తే గోడదాకా వెళ్లి వచ్చింది. ఇంటాయన ఫోన్ మాత్రం సోఫాలో మెత్తగా పడుకుని క్రికెట్ స్కోరు చెప్పుకుంటూ ఉంది. అమ్మేటప్పుడు ఆ రెండో ఫోన్‌కు కూడా "మేడమ్ వాడింది" అనే రాస్తారు, అది వేరే విషయం. చాలా ఐఫోన్లలో సిమ్ పెట్టే చోట లోపల ఒక చిన్న గుర్తు ఉంటుంది. నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. గుత్తివంకాయ సంగతి అక్కడ నమోదై ఉండొచ్చు.

"అమెరికా నుంచి తెచ్చింది" అన్న మాటకు గచ్చిబౌలి నుంచి గుంటూరు దాకా ఇప్పటికీ విలువ తగ్గలేదు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య తెచ్చాడంటే కొనేవాడు బేరం ఆపేసి కొంచెం నిటారుగా కూర్చుంటాడు. అయితే 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ కార్డు పెట్టుకునే చోటే లేదు, కార్డు అక్కర్లేకుండా ఫోన్ లోపలే ఉండే ఈ-సిమ్ ఒక్కటే. ప్రకటనలో ఇది రాయనవసరం లేదు. కొన్నవాడు పిన్ను పట్టుకుని నాలుగు అంచులూ తడిమాక తనే గ్రహిస్తాడు. వంటింటి సామాను కథ ఇంకా గొప్పది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లను రెండిటికీ తట్టుకునేలా చేస్తారు. అక్కడ కొన్న బ్లెండర్లు, రైస్ కుక్కర్లు చాలావరకు అలా ఉండవు. తిరిగొచ్చిన కుటుంబం ఒకటి అక్కడ కొన్న బ్లెండర్‌ను అమ్మకానికి పెడుతూ "ఇండియాలో ఒక్కసారే వాడాం" అని రాసింది. ఈ రంగంలో నేను చదివిన వర్ణనల్లో ఇంత నిజాయతీ ఉన్నది మరొకటి లేదు.

ఫోటోలు తీయడం కూడా ఒక విద్యే. టీవీని ఆఫ్ చేసి తీస్తే తెర మీద ఏ గీతా పడదు. ఫోన్‌కైతే నల్లటి వాల్‌పేపర్ క్షేమం. కీబోర్డు నీడలా అచ్చుపడిపోయిన తెరలు తెల్లటి బొమ్మ పెడితే బయటపడతాయి. స్క్రీన్ మీద నిలువునా ఆకుపచ్చ గీత పడిన ఫోన్‌కు కోనసీమ కొబ్బరితోట వాల్‌పేపర్ పెట్టిన మహానుభావుడిని నేనెరుగుదును. ఆ గీత ఒక కొబ్బరి మట్టలో కలిసిపోయింది. ఇంతకన్నా నైపుణ్యం లేనివాళ్లు ఆరు ఫోటోల్లో నాలుగు డబ్బావే పెడతారు. డబ్బా నిజంగానే మింట్ కండిషన్‌లో ఉంటుంది, దాన్నెవరూ వాడలేదు కదా.

మనుషుల సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. పెద్దాయన లాంటివాళ్లకు నచ్చజెప్పి, ప్రకటనను ఏ మనవడితోనో రాయించవచ్చు. కానీ యంత్రాలు కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాయి. అసలు టెన్షన్ ఇక్కడే.

2018లో ఆపిల్ వాళ్లు ఐఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో చూపించడం మొదలుపెట్టారు. ఐఫోన్ 14 వరకు మోడళ్లు 500 సార్లు పూర్తిగా చార్జయ్యాక 80 శాతం సత్తువ మిగిలేలా తయారయ్యాయని, 15 నుంచి అయితే 1000 సార్లని కంపెనీయే చెబుతుంది. 2021 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో, కొత్త మోడళ్లలో బ్యాటరీ, డిస్‌ప్లే మార్చారా, మార్చినది కంపెనీదేనా అన్నది కూడా తెర మీద వచ్చేస్తోంది. యజమాని గుట్టు ఇలా బయటపెట్టే వస్తువును ఇంట్లో ఎలా ఉంచుకుంటాం? అమ్మేయడమే మంచిది. అదృష్టవశాత్తూ మన రిపేరు బజారు చేతులు కట్టుకుని కూర్చోలేదు. బ్యాటరీ చిప్‌లో ఉన్న అంకెను దిద్ది 100 శాతం చేసిపెట్టే పరికరాలు దొరుకుతున్నాయి. బ్యాటరీ మాత్రం మధ్యాహ్నం మూడింటికే పడుకుంటుంది, కానీ ఆరోగ్యంగా పడుకుంటుంది.

కంప్యూటర్ హార్డ్ డిస్కులదీ ఇదే దారి. తను ఎన్ని గంటలు కరెంటు మీద ఉందో అది లోపల రాసుకుంటూ ఉంటుంది. "ఆఫీసులో అప్పుడప్పుడు వాడింది" అన్న డిస్కును ఒక చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూస్తే 26 వేల గంటలు కనిపిస్తాయి. ఏడాది మొత్తం కలిపితే 8,760 గంటలే. అంటే ఆ ఆఫీసులో అప్పుడప్పుడు అనేది మూడేళ్ల పాటు రాత్రీపగలూ వచ్చింది. బహుశా సీసీ కెమెరా కింద వచ్చి ఉంటుంది.

పెద్ద కెమెరాలు ఎన్ని క్లిక్కులు కొట్టాయో లెక్క పెట్టుకుంటాయి. "పిల్లల ఫోటోలకు తప్ప వాడలేదు" అన్న కెమెరా లక్షా ఎనభై వేలు చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ఎవరి పిల్లలో ఆయన చెప్పలేదు. మాఘమాసంలో, శ్రావణంలో, పీటల మీద కూర్చున్నవాళ్లు కూడా ఎవరో ఒకరి పిల్లలే.

దొంగ సొత్తు కాదు కదా అని అడిగేవాళ్లకు "బిల్లు, బాక్సు ఉన్నాయి" అన్నది పాత జవాబు. బిల్లు మీద ఇంకెవరి పేరో ఉంటే అది బావమరిదిది. ఇప్పుడు స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌కు విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు వస్తుంది. కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు చేర్చి 14422కు మెసేజ్ పంపితే ప్రభుత్వం దాని వివరాలు చెబుతుంది, అది బ్లాక్ చేసిన ఫోనైతే తెలిసిపోతుంది. అర నిమిషం పని. బావమరిది మాత్రం ఇంకా వాడుకలోనే ఉన్నాడు.

ఇలా మనుషులు, యంత్రాలు, ప్రభుత్వం కలిసి ముట్టడిస్తుంటే అమ్మేవాడికి అండగా నిలబడింది చట్టం ఒక్కటే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వర్ణన చూపి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు తగ్గట్టు ఉండాలి. భయపడాల్సింది లేదు. అందుకేగా మనవాళ్లు "కత్తిలాంటి కండిషన్" అని రాసేది! కోర్టువారు పదును చూసి చెప్పాలి. ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ వివరణ ఏమంటుందంటే, నోరు మూసుకుని ఉండటం దానంతట అదే మోసం కాదు. ఉదాహరణగా ఒక గుర్రాన్ని తీసుకున్నారు. గుర్రం బాగాలేదని తెలిసీ వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మినవాడు మోసం చేసినట్టు కాదు. కొనేది అప్పుడే మేజరైన సొంత కూతురైతే మాత్రం చెప్పి తీరాలి. ఈ నిబంధన వల్ల మనకు ఇబ్బందేమీ లేదు. పాడైన ఫోన్‌ను మనం కూతుళ్లకు అమ్మం, ఊళ్లో ఉన్న నాన్నకు ప్రేమగా ఇచ్చేస్తాం.

చిక్కంతా మూడో ఉదాహరణతో. "మీరు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అని కొనేవాడు అన్నాక కూడా అమ్మేవాడు మాట్లాడకపోతే ఆ మౌనం మాటతో సమానమట. మా మేనల్లుడు లా రెండో సంవత్సరంలో ఉన్నాడు. ఇది చదివిన ఉత్సాహంలో, కత్తిలాంటి ల్యాప్‌టాప్ ఒకటి అమ్ముతున్న ఆసామికి వాట్సాప్‌లో రాశాడు: "అన్నా, మీరు కాదనకపోతే కీబోర్డు, కెమెరా, బ్యాటరీ అన్నీ బాగున్నాయనే అనుకుంటాను." రెండు నీలం టిక్కులు పడ్డాయి. కాసేపు టైపింగ్ అని కనిపించి ఆగిపోయింది. తర్వాత ఒక నమస్కారం బొమ్మ వచ్చింది. చట్టం దృష్టిలో నమస్కారం మౌనమా, మాటా అని వాడు మర్నాడు క్లాసులో లేచి అడిగాడు. ప్రొఫెసర్ గారు కళ్లజోడు సర్దుకుని, ఎంతకు చెబుతున్నాడు, ఇంకా ఉందా అని అడిగారట.