పిట్ట అలవాటే ఆట నియమం

వింగ్‌స్పాన్ అనే బోర్డ్ గేమ్ గురించి ఎవరిని అడిగినా ముందు బొమ్మల మాటే ఎత్తుతారు. 170 పక్షుల కార్డులు, దేనికది విడిగా గీసిన బొమ్మ, చెక్క పాచికలు, లేత రంగుల బుల్లి గుడ్లు. పెట్టె తెరవగానే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే 2019లో వచ్చి, అదే ఏడాది జర్మనీలో, ఆటల్లో కాస్త అనుభవమున్నవాళ్ల కోసం చేసిన ఆటలకిచ్చే కెన్నర్‌ష్పీల్ అవార్డు గెలిచిన ఈ ఆటను జనం ఇప్పటికీ ఆడుతున్నారంటే అందం ఒక్కటే కారణం కాదు. పిట్ట అలవాటునే ఇక్కడ ఆట నియమంగా మార్చారు. నన్ను కట్టిపడేసింది అదే.

అమెరికాలో బ్రౌన్ హెడెడ్ కౌబర్డ్ అనే పిట్ట ఉంది. మన కోకిల లాగే గూడు కట్టదు, పరాయి గూళ్లలో గుడ్లు పెడుతుంది. ఆటలో ఈ కార్డు మీ బోర్డు మీదుంటే, అవతలివాళ్లు గుడ్లు పెట్టినప్పుడు గిన్నె ఆకారపు గూడున్న మీ మరో పిట్ట దగ్గర ఒక గుడ్డు చేరుతుంది. టర్కీ వల్చర్ అనే రాబందుకు ఎదుటివాళ్ల పక్షి వేట ఫలిస్తేనే మేత. గ్రేట్ హార్న్‌డ్ ఔల్ వేటకు దిగితే కట్టలో పై కార్డు తీసి చూడాలి. ఆ పక్షి రెక్కల వెడల్పు 100 సెంటీమీటర్ల లోపైతే గుడ్లగూబకు చిక్కినట్టే. కాకి సంగతి చెప్పక్కర్లేదు, మీదే మరో పిట్ట గుడ్డు తీసేసి మేత సంపాదిస్తుంది. పిట్ట స్వభావం తెలిస్తే కార్డు మీది నియమం వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

రూపకర్త ఎలిజబెత్ హార్‌గ్రేవ్ ఆరోగ్య విధానాల రంగంలో పనిచేసేవారు. కోటలు, అంతరిక్షం చుట్టూ తిరిగే ఆటలు ఆమెకు రుచించలేదు. తనకిష్టమైన పక్షుల వివరాలను స్ప్రెడ్‌షీట్‌లో పోగేసి ఆట కట్టారు. ఆ శ్రద్ధ ప్రతి కార్డులోనూ తెలుస్తుంది.

ఇక టెన్షన్ అంతా వంతుల లెక్కలో ఉంది. మొదటి రౌండులో ఎనిమిది, తర్వాత ఏడు, ఆరు, అయిదు. మొత్తం 26. మొదట్లో కాస్త మేత తెచ్చుకోవడానికే ఒక వంతు ఖర్చవుతుంది. మేత తెచ్చే అడవి వరస మీ బోర్డు మీద ఉంటుంది, అందులో పిట్టలు చేరేకొద్దీ అదే వంతులో మేత పెరుగుతుంది, ఒక్కో పిట్టా తన పని చేసిపెడుతుంది. తీరా అంతా చక్కగా కుదిరేసరికి వంతులు అయిపోవస్తాయి.

మన పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. గెంతి చంపడం, చుట్టుముట్టి కట్టేయడం, కళ్లన్నీ ఎదుటివాడి ఎత్తు మీదే. వింగ్‌స్పాన్‌లో మీ పిట్ట జోలికి ఎవరూ రారు. ఎవరి బోర్డు వాళ్లదే కాబట్టి చప్పగా ఉందనేవాళ్లు ఉన్నారు. ఇంట్లో పెద్దలూ పిల్లలూ అలకల్లేకుండా కలిసి ఆడగలిగేది మాత్రం అందుకే. నాకు ఇబ్బంది అనిపించేది చివరి రౌండు. గుడ్డుకో పాయింటు కాబట్టి అందరూ వరసపెట్టి గుడ్లే పెడతారు. ఓషియానియా అనే విస్తరణలో, అంటే ఆటకు తర్వాత కలిపిన అదనపు పెట్టెలో, మకరందమనే కొత్త మేతను తెచ్చి, బోర్డులు మార్చి దీన్ని చాలావరకు సరిదిద్దారు.

సరిదిద్దనిది మరొకటి ఉంది. ఈ బోర్డు మీద అడవి, పచ్చిక, చిత్తడి నేల ఎప్పటికీ తరగవు. రోళ్లపాడు బట్టమేకపిట్టనే తీసుకోండి. నేల మీద సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. గూడు రకం, గుడ్ల పరిమితి వేసి దానికో కార్డు సులువుగానే తయారుచేయొచ్చు. పచ్చిక పోయి అది కనబడటమే గగనమైన సంగతిని మాత్రం ఈ నియమాల్లో ఎక్కడా ఇమడ్చలేం. రౌండు రౌండుకీ ఒక పచ్చిక గడి మూసుకుపోయే విస్తరణ ఒకటి రావాలని నా కోరిక. ఆట కాస్త కఠినమవుతుంది, అయినా పిట్టల సంగతి ఇంత నిజాయితీగా పట్టించుకున్న ఈ ఆటకు ఆ పని చేతనవుతుంది.