నాలుగు నెలలు దాటితే చిన్నపిల్ల కాదండీ

రెండు నెలల కిందటి మాట. మా పాలాయన పాలు పోస్తూ పోస్తూ, "ఆయ్, మీరిచ్చిన పిల్లి కడుపుతో ఉందండి" అన్నాడు సంబరంగా. నా చేతిలో గిన్నె జారినంత పనైంది. ఆ పిల్లికి అప్పటికి సరిగ్గా ఆరు నెలలు. దాని తల్లి మా ఇంట్లోనే ఉంది, దానికి ఏడాదీ రెండు నెలలు. అంటే పద్నాలుగు నెలలకే అమ్మమ్మ కాబోతోందన్నమాట.

తప్పు పాలాయనది కాదు, నాది. పిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వేళకి చేయించలేదు. ఈ పోస్టులో తిట్లు ఉంటాయి, మొదటి వాటా నాకే.

పోయినేడాది దసరా సెలవుల్లో రాజమండ్రి దానవాయిపేటలో మా అపార్ట్‌మెంట్ మోటారు గది వెనక రెండు పిల్లి పిల్లలు దొరికాయి. రెండు నెలలుంటాయేమో. నుదుటి మీద నల్లమచ్చ ఉన్నదానికి బొట్టు అని, తెల్లగా ఉన్నదానికి జున్ను అని పేర్లు పెట్టాం. ఏది ఆడో ఏది మగో తేల్చుకోవడానికే మాకు నెల పట్టింది. (తోక ఎత్తి చూస్తే మగదానికి విసర్గలా రెండు చుక్కలు ఎడంగా ఉంటాయి. ఆడదానికి చుక్క కింద చిన్న నిలువు గీత, రెండూ దగ్గరదగ్గరగా. ఇది తెలిసుంటే పేర్లు పెట్టేటప్పుడు ఇంట్లో అంత గొడవ అయ్యేది కాదు.)

భోగి నాడు పొద్దున్నే బొట్టు హాల్లో నేల మీద దొర్లడం మొదలెట్టింది. ముందు కాళ్ళు వంచి మోచేతులు గచ్చుకి ఆనించి, వెనక భాగం పైకెత్తి, తోక ఒక పక్కకి తిప్పేసి, వెనక కాళ్ళతో ఉన్నచోటే తొక్కుతోంది. అరుపు చూస్తే పసిబిడ్డ గుక్కపట్టినట్టు ఉంది. మా అత్తయ్యగారు వంటింట్లోంచే, "అరిసెల పాకం నాకింది కాబోలు, కడుపునొప్పమ్మా. కాస్త వాము నీళ్ళు పట్టు" అన్నారు. నేను నిజంగానే వాము నీళ్ళు కాచాను. మూతి దగ్గర పెట్టగానే చెయ్యి రక్కింది. మంచిపని చేసింది.

మా మామయ్యగారు కోనసీమలో నలభై ఏళ్ళు పాడి చేసిన మనిషి. గేదె అరుపుని బట్టి అది ఎదకొచ్చిందో లేదో వీధిలోంచే చెప్పేవారు. అలాంటాయన కూడా, "ఐదు నెలల దానికి ఎదేమిటి" అనేసి పేపరు తిప్పారు. అవును మరి, పెయ్య ఎదకు రావడానికి ఏళ్ళు పడుతుంది. పిల్లికి కొన్ని నెలలే చాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఆడపిల్లి నాలుగో నెలలోనే ఎదకు రావచ్చు. ఎక్కువగా ఐదు నుంచి తొమ్మిది నెలల మధ్య వస్తుంది. సయామీ రకాలు కాస్త ముందు, పర్షియన్ పిల్లులు బాగా ఆలస్యం. మన వీధి పిల్లులు ఆలస్యం చేసే రకం కాదు. మగది కూడా ఆరో నెల దగ్గర పడేసరికి తయారవుతుంది. తోబుట్టువులు, తల్లీకొడుకులు అన్న తేడాలు వాటికి లేవు. "అన్నాచెల్లెళ్ళు కదా, ఒకే బుట్టలో పడుకుంటాయి" అని ఫొటోలు తీసి స్టేటస్ పెట్టిన తెలివితేటలు నావి.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చలిదేశాల్లో పిల్లులకి చలికాలం సెలవు ఉంటుంది. ఎదకు రావడం పగటి వెలుతురు మీద ఆధారపడుతుంది కాబట్టి, లండన్ లాంటి చోట డిసెంబరులో పగలు 8 గంటలకి కుంచించుకుపోతే వాటి ఒంట్లో ఆ గడియారం ఆగుతుంది. మన రాజమండ్రిలో డిసెంబరులో కూడా పగలు 11 గంటలు ఉంటుంది. ఆపైన రాత్రి పదకొండు దాకా ట్యూబులైటు. ఇక సెలవెక్కడిది? దాదాపు వారం పాటు అరుస్తుంది, జత కలవకపోతే రెండు మూడు వారాలకే మళ్ళీ మొదలు. ఇంకా ముఖ్యం, పిల్లికి మనుషుల్లా నెలనెలా దానంతటది అండం విడుదల కాదు. మామూలుగా మగదానితో కలిశాకే, ఆ కలయిక వల్లే విడుదలవుతుంది. అందుకే గురి తప్పడం అరుదు. "ఒక్కసారే కదా బాల్కనీలోంచి దూకింది" అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సంక్రాంతి అయ్యాక బొట్టుకి ఆపరేషన్ చేయిద్దామని ఊళ్ళో ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. "ఇంకా చిన్నపిల్లమ్మా, ఒక ఈత కానివ్వండి, ఏడాది దాటాక తీసుకురండి" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, ఎప్పుడో చదువుకున్నదే చెప్పారు. నేనూ హాయిగా ఊపిరి పీల్చుకుని వచ్చేశాను. నిజం చెప్పాలంటే నాకు కావలసిన మాట కూడా అదే.

ఏప్రిల్ మధ్యలో, కరెంటు లేని ఒక రాత్రి, బొట్టు బీరువా కింది అరలో పిల్లల్ని పెట్టింది. దానికప్పటికి ఎనిమిది నెలలు. మొదటి పిల్ల పొరతో సహా బయటికొచ్చింది. దాన్ని నాకి పొర చింపాలని బొట్టుకి తెలియలేదు. భయపడి పక్కకి జరిగి, ఇదేమిటి అన్నట్టు నా వైపు చూసింది. నేను ఫోను టార్చి నోట్లో పట్టుకుని, పాత లుంగీ ముక్కతో పొర తీసేసరికి ఆలస్యమైపోయింది. బొటనవేలంత తల, మూసిన కళ్ళు, ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. మిగిలిన మూడింటికి బొట్టే నేర్చుకుంది. తెల్లారేదాకా దాన్ని చూస్తూ కూర్చుంటే తల్లయిందన్న భావనే రాలేదు. నాలుగు పిల్లలూ ఒకే ఈడువి, ఒకటి కాస్త పెద్దది, అంతే అనిపించింది.

అప్పుడైనా బుద్ధి వచ్చిందా అంటే, సగం వచ్చింది. జూన్ మొదట్లో జున్నుకి ఆపరేషన్ చేయించాం. ఇక దిగుల్లేదనుకున్నాం. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాల పాటు లోపల మిగిలిన బీజం పనిచేస్తుందని, అన్నాళ్ళూ ఆడదానికి దూరంగా ఉంచాలని మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. పాలిచ్చే తల్లి మళ్ళీ ఎదకు రాదనుకోవడం ఇంకో పొరపాటు, కొన్ని వారాలకే వస్తుంది. రెండు నెలల లెక్క తప్పకుండా ఆగస్టు మధ్యలో ఇంకో మూడు పిల్లలు. మొదటి పుట్టినరోజు నాటికి రెండు ఈతలు! ఎముకలు తేలిపోయి, జుట్టు రాలిపోయి, పిల్లలు పాలకి వస్తే లేచిపోయేది. దాన్ని చూసి ఎవరూ "ముద్దుగా ఉంది" అనలేదు.

ఇప్పుడు అందరూ చెప్పే మాటల సంగతి.

"ఒక్కసారైనా తల్లి కావాలి కదండీ, పాపం." ఎవరికి పాపం? ఒక ఈత అయితే ఆరోగ్యం అనడానికి ఆధారం లేదు, ఉన్న ఆధారం దానికి ఎదురుగా ఉంది. 2005లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, ఆరు నెలల లోపు ఆపరేషన్ అయిన ఆడపిల్లుల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు 91 శాతం తగ్గింది. ఏడాది లోపు చేస్తే 86. రెండో ఏట చేస్తే లాభం 11 శాతానికి పడిపోయింది. పిల్లులకి వచ్చే రొమ్ము గడ్డల్లో చాలావరకు క్యాన్సరే. గర్భసంచిలో చీము పట్టే జబ్బు సంగతి సరేసరి. ఆ సంచే లేకపోతే చీము ఎక్కడ పడుతుంది?

"చిన్నపిల్ల, మత్తు తట్టుకోగలదా?" తట్టుకుంటుంది, పెద్దవాటికంటే త్వరగా తేరుకుంటుంది కూడా. షెల్టర్లలో రెండు నెలలకే, కిలో బరువుంటే చేస్తారు. ఆరు నెలలు అన్న పాత లెక్కని పక్కనపెట్టి, ఐదు నెలలు నిండేలోపే చేయించాలని 2016లో అమెరికాలో పశువైద్యులు కూర్చుని సిఫార్సు చేశారు. అక్కడి పశువైద్య సంఘం 2017లో దానికి మద్దతిచ్చింది. ఒక్క జాగ్రత్త: అంత చిన్న పిల్లని రాత్రంతా పస్తు పెట్టకూడదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఎన్ని గంటలు ఆపాలో డాక్టరునే అడగండి.

"మగదానికెందుకండీ?" అనే అన్నయ్యలకి నా దగ్గర ఓపిక తక్కువ. గండుపిల్లి మీ సోఫా మీద, గుమ్మం మీద కొట్టే ఆ వాసన నాలుగు రోజులు పోదు. ఎద వాసనకి వీధులు దాటి పోతుంది, కొట్లాడుకుని చెవులు చిరిగి వస్తుంది, ఆ కాట్లతో ఎయిడ్స్ లాంటి పిల్లుల వైరస్ అంటించుకొస్తుంది. పైగా మగదాని ఆపరేషన్ చిన్నది, ఖర్చూ తక్కువ. మన తాతలు కోడెలకి విత్తులు కొట్టించి అరక కట్టినప్పుడు ప్రకృతి విరుద్ధం కాలేదు, పిల్లికొచ్చేసరికి అయిందా?

ఎద ఆపే మాత్రలు, ఇంజెక్షన్లు ఉన్నాయట కదా అని ఒక స్నేహితురాలు అడిగింది. వద్దమ్మా. చీము జబ్బుకీ, రొమ్ము గడ్డలకీ అవే దారి వేస్తాయి. అన్నట్టు, ఆపరేషన్ అయ్యాక నొప్పి అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయకండి. పిల్లికి అది విషం.

ఇక పాపం పుణ్యం. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని మా అమ్మమ్మ చెప్పేది. గోనెసంచిలో కట్టి మార్కెట్ వెనక వదిలేసి వచ్చేవాళ్ళు కూడా ఆ మాట వింటూ పెరిగినవాళ్ళే. చంపలేదు కదా, వదిలేశాం అంటారు. ఎవరికైనా ఇచ్చేస్తాం అనేవాళ్ళకి నా జాబితా చెప్తాను. మొదటి ఈతలో బతికిన మూడింటిలో ఒకటి పాలాయన ఇంట్లో కడుపుతో తేలింది, ఒకటి మా ఆయన ఆఫీసులో ఒకరింటికి వెళ్ళి వారానికే బండి కింద పడింది, మూడోది ఎక్కడుందో తెలియదు. ఇచ్చేటప్పుడు "ఆపరేషన్ చేయించండి" అని ఎవరికీ చెప్పలేదు నేను. సంచిలో కాస్త చేపతో చేసిన పిల్లి మేత వేసి పంపాను, పుట్టింటి సారెలాగా.

బొట్టుకి అక్టోబరు చివర్లో, పిల్లలు పాలు మానాక, ఆపరేషన్ అయింది. మెడకి కట్టిన ప్లాస్టిక్ గరాటుతో రెండు రోజులు వెనక్కి వెనక్కి నడిచి గోడలకి గుద్దుకుంది. మూడో రోజు మా ఆయన పాత టీషర్టు చెయ్యి కత్తిరించి, నాలుగు కన్నాలు పెట్టి తొడిగితే హుందాగా తిరిగింది. పదో రోజుకి కుట్లు మానిపోయాయి. ఇప్పుడు ఒళ్ళు చేసింది, మేత కాస్త తగ్గించాం. అరుపుల్లేవు. పాలాయన పిల్లి పిల్లల్ని పెట్టాక దానికీ ఆపరేషన్ ఖర్చు నాదే అని చెప్పాను. ఆయన నవ్వాడు, కానీ వద్దనలేదు.

ఆగస్టు ఈతలో రెండింటిని ఈసారి ఆపరేషన్ చేయిస్తామని మాటిచ్చినవాళ్ళకే ఇచ్చాం. మూడోది ఆడపిల్ల, మా దగ్గరే ఉంది. మొన్నటికి నాలుగు నెలలు నిండాయి. నిన్న కిందికి తీసుకెళ్ళి కిరాణా కొట్టు కాటా మీద కూర్చోబెట్టాం, కిలో ఏడువందలు తూగింది. వేరే డాక్టరు గారికి ఫోన్ చేసి మంగళవారానికి టైము తీసుకున్నాను. అత్తయ్యగారు ఏమంటారోనని కాస్త టెన్షన్‌గానే చెప్పాను. కాసేపు దాని తల నిమిరి, "మంగళవారం ఎందుకమ్మా, బుధవారం పెట్టించు. బుట్ట నేను పట్టుకుంటాలే" అన్నారు.