అప్పు అడిగే హక్కు, అడిగే చోటు

మొన్నటి ఉగాదినాడు మన సంఘం పంచాంగ శ్రవణంలో పంతులుగారు నా రాశికి వ్యయమూ అవమానమూ చదువుతుండగా, వెనుక వరుసలోని ఒక మిత్రుడు హాలంతా వినబడేలా, "ముందు మా బాకీ తీర్చి, తర్వాత పచ్చడి తినమనండి" అన్నారు. కొందరు నవ్వారు. నా పక్కన కూర్చున్న పదేళ్ళ కూతురు మాత్రం తల దించుకుంది. ఆయనకు నేను 6,000 డాలర్లు బాకీ ఉన్నమాట నిజం, ఆ సొమ్మును ఫోనులో పందేలు కాసి పోగొట్టినమాటా నిజం. అడిగే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది. అడిగిన చోటు గురించే నా మనవి.

క్రీడలపై పందేలను అనుమతించాలో లేదో రాష్ట్రాలే తేల్చుకోవచ్చని 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, జూన్‌లోనే మన న్యూజెర్సీలో క్రీడలపై పందేలు చట్టబద్ధమయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్ళలో నేను చేసిన అప్పు 94,000 డాలర్లు: క్రెడిట్ కార్డుల మీద 41,000, బ్యాంకు రుణం 22,000, పదకొండుమంది మిత్రుల చేబదుళ్ళు 31,000. దీనికి ముందు ఒకసారి మా బంధువులు పెద్దమనుషుల్లా కూర్చుని, నాచేత ఒట్టు వేయించుకుని, అప్పటికున్న 20,000 డాలర్లూ ఒక్కరోజులో కట్టేశారు. వారిది ప్రేమే. కానీ అప్పు తీరిందన్న ఆ తేలికే నాలుగు నెలలు తిరక్కముందే నన్ను మళ్ళీ పందేల దగ్గరికి చేర్చింది.

నేను చివరి పందెం కాసి పంతొమ్మిది నెలలైంది. నన్ను పందేలకు రానివ్వవద్దని మనమే కోరి చేరే రాష్ట్ర స్వీయ నిషేధ జాబితాలో ఏడాదికో అయిదేళ్ళకో పేరు రాయించుకోవచ్చు, నేను అయిదేళ్ళకు రాయించుకున్నాను. జూదం మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం, 1957లో లాస్ ఏంజిలిస్‌లో మొదలైన గ్యాంబ్లర్స్ అనానిమస్ వారు 'ప్రెజర్ రిలీఫ్' అనే ఒక సమావేశం జరుపుతారు. ఏళ్ళ క్రితమే ఆట మానిన ఇద్దరు సభ్యుల ఎదుట, భార్య పక్కన కూర్చుని, ప్రతి బాకీనీ దాచకుండా కాగితం మీద పెట్టాలి. నేను మొదట తొమ్మిదిమంది మిత్రుల పేర్లే రాశాను. మిగిలిన రెండు పేర్లు రాయడానికి గంట పట్టింది, ఎందుకంటే వాటిలో ఒకటి నా భార్య అన్నగారిది. ఆమె ఒక్కమాట కూడా అనకుండా ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని, ఇంటి అద్దె, కిరాణా, పాప చదువు ముందుగా రాసి, మిగిలినదెంతో లెక్క కట్టింది. ఆ రోజు నుంచి నా జీతం ఆమె ఖాతాలోనే పడుతోంది.

లాభాపేక్ష లేని రుణ సలహా సంస్థ ఒకటి కార్డులవారితోనూ బ్యాంకుతోనూ మాట్లాడి వడ్డీ తగ్గించి, అయిదేళ్ళ వాయిదాలు కుదిర్చింది. దివాలా పిటిషన్ వేస్తే చేబదుళ్ళను కూడా అందులో చూపాలి. నమ్మి ఇచ్చినవారిని కోర్టు కాగితాల్లోకి ఈడ్చడం నాకు మనస్కరించలేదు. మిత్రులందరికీ కలిపి నెలకు 500 డాలర్లు, ఎవరి బాకీని బట్టి వారికి పంచుతున్నాం. 6,000 ఇచ్చినవారికి నెలకు 97 డాలర్లు అందుతాయి, అందరిదీ తీరడానికి అరవై రెండు నెలలు పడుతుంది. ఇది చాలా తక్కువని నాకు తెలుసు. గట్టిగా అడిగినవారికి ముందు ఇస్తే, మొహమాటంతో అడగనివారికి అన్యాయం చేసినట్లవుతుంది.

1977 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, కార్డు కంపెనీ తరఫున వచ్చే వసూలుదారు ఉదయం 8కి ముందు గానీ రాత్రి 9 తర్వాత గానీ ఫోన్ చేయకూడదు, నా బాకీ సంగతి ఇరుగుపొరుగుకు చెప్పకూడదు. ఆ చట్టం స్నేహితులకు వర్తించదు. ముక్కూ ముఖం తెలియని వసూలుదారు పాటించే మర్యాదను, నా ఇంట్లో భోజనం చేసిన మిత్రుడు పాటించాలని కోరడం అత్యాశ అవుతుందా? అప్పులవాళ్ళు వీధిలో కేకలు వేసిన ఇళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నాయి. అయినా మా నాన్నకు పెట్టుబడి పెట్టిన షావుకారు, పంట పోయిన ఏడు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మేము బడికి వెళ్ళాకే బాకీ మాట ఎత్తేవాడు.

కాగితం ముక్క అడగకుండా చేబదులిచ్చే మన అలవాటు వల్లనే నేను అంత తేలికగా అప్పు చేయగలిగాను. అయినా ఆ నమ్మకం మన మధ్య నుంచి పోవాలని నేను కోరను. బాకీ గురించి నన్ను అడగండి, నా భార్యకు ఫోన్ చేయండి, మా ఇంటికి వచ్చి లెక్కల పుస్తకం చూడండి. ఊళ్ళో ఉన్న మా అమ్మానాన్నలకు మాత్రం కబురు పంపకండి, జాలిపడి నా బాకీ మొత్తం ఒకేసారి తీర్చేయకండి. ఏటా పన్నుల సదస్సు పెట్టే మన కార్యవర్గం, అప్పుల్లో మునిగి నోరు విప్పలేని కుటుంబాల కోసం కూడా ఒక సాయంత్రం, తలుపు వేసుకునే గది ఒకటి ఇవ్వాలి. ఉగాదినాడు నన్ను అడిగిన అన్నకు ఒక మాట: ప్రతి నెలా 5వ తేదీన మీ వాటా మా ఇంటి నుంచి బయలుదేరుతుంది. ఏ నెలైనా అందకపోతే, మా అమ్మాయి లేని వేళ చూసి మా తలుపు తట్టండి.