గుంటను సరస్సని అమ్మి, మొసలిని తప్పుపడితే ఎలా?

ఫ్లోరిడాలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలను కదిపితే, పెరటి వెనక నీళ్లు కనబడే స్థలం కోసం వేల డాలర్లు అదనంగా పోసిన సంగతి కాస్త గర్వంగానే చెబుతారు. బిల్డరు చేతికిచ్చిన రంగుల కాగితంలో దాని పేరు సరస్సు. అదే బిల్డరు అనుమతి కోసం పెట్టుకున్న దరఖాస్తులో దాని పేరు వాననీటి గుంట. ఈ రెండు పేర్ల మధ్య మిగిలిన జాగాలోనే మన మొసలికి దగ్గరి చుట్టమైన ఎలిగేటర్ కాపురం పెట్టింది. ఏ దుర్ఘటన జరిగినా చర్చంతా మొసలి చుట్టూ తిరుగుతుందే తప్ప, ఆ గుంటను తవ్వినవాళ్ల జోలికి ఎవరూ వెళ్లకపోవడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

ఫ్లోరిడాలో చాలా భాగం పల్లపు నేల. కొద్ది లోతుకే నీరు తగులుతుంది కాబట్టి స్థలాన్ని మెరక చేయనిదే పునాది వేయలేరు. అందుకు కావలసిన మట్టిని దూరం నుంచి లారీల్లో తోలించడం ఖర్చు గనుక లేఅవుట్‌లోనే ఒక పక్క తవ్వి తీస్తారు. కొత్త కట్టడాల మీద పడిన వాననీటిని నిలిపి, మురికి అడుక్కి దిగిన తర్వాతే బయటికి వదలాలన్న నిబంధన 1980ల తొలినాళ్ల నుంచి ఉండనే ఉంది. మట్టి తీసిన గొయ్యే ఆ నీటిని పట్టే గుంట అవుతుంది. ఒక్క తవ్వకంతో రెండు పనులు తీరాయి. అమ్మకం నాటికి అదే అందమైన దృశ్యమై మూడో లాభమూ తెస్తుంది. ఇలాంటి గుంటలు చాలాచోట్ల నేల కింది తూములతో ఒకదానికొకటి కలిసి, చివరికి ఏ చిత్తడి నేలకో వాగుకో చేరతాయి. చేపలు, తాబేళ్లు, బాతులు ఎవరూ పిలవకుండానే వస్తాయి. వాటి వెనకే, తూము గుండానో గడ్డి మీదుగానో, ఎలిగేటరూ వస్తుంది.

గట్టు సంగతి మరీ విచిత్రం. కంచె లేని గుంటకు గట్టు నిటారుగా ఉండకూడదు, ఒక అడుగు లోతుకు నాలుగు అడుగుల వాలు ఉండాలని అక్కడి నీటి వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థలైన నీటి నిర్వహణ జిల్లాల నియమం. పొరపాటున జారిపడ్డ పిల్లవాడు పాకుతూ ఒడ్డెక్కగలగాలన్నది దాని ఉద్దేశం. కాదనలేని ఉద్దేశమే. అయితే పిల్లవాడు ఎక్కి రాగలిగిన వాలు మొసలికి రాజమార్గం. ఆ వాలు మీద నీటి అంచు దాకా పచ్చిక పరిచి, వారం వారం నున్నగా కోయించి, దృశ్యానికి అడ్డమని కంచెను వద్దనే ఇళ్ల యజమానుల సంఘాలు ఎన్నో ఉన్నాయి. పచ్చిక ఉన్నంత మేరా నడవమనే అర్థం కాబట్టి మనుషులూ కుక్కలూ నీటి దాకా వెళతారు, స్థానబలిమి ఉన్నవాడు అక్కడ కాచుకుని ఉంటాడు.

2016 జూన్‌లో డిస్నీ వరల్డ్‌లో ఒక హోటల్ ముందున్న ఒడ్డున రెండేళ్ల పసివాణ్ని ఎలిగేటర్ లాక్కుపోయినప్పుడు అందరూ మొసలి క్రూరత్వం గురించే మాట్లాడారు. ఆ సెవెన్ సీస్ లగూన్ కూడా మనుషులు తవ్వినదే. అక్కడ తీసిన మట్టితోనే మ్యాజిక్ కింగ్‌డమ్ స్థలాన్ని మెరక చేశారు. కాలనీల్లో జరిగిందే అక్కడ పెద్ద ఎత్తున జరిగిందన్నమాట. ఒడ్డున తెల్లటి ఇసుక పోసి, కుర్చీలు వేసి, ఈత నిషేధమని బోర్డు పెట్టారు. మొసలి అన్న మాట మాత్రం ఆ బోర్డు మీద లేదు. ఈత వద్దన్నారు గనుక మడమల లోతులో ఆడుకుంటే ఏమీ కాదని, మొసళ్లు లేని రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబం అనుకుంటే అది వాళ్ల అజాగ్రత్త అవుతుందా? బిడ్డ పోయిన కొద్ది రోజులకే ఎలిగేటర్లు, పాములు ఉన్నాయన్న హెచ్చరికలూ తాళ్ల కంచెలూ వచ్చాయి, తర్వాత రాళ్ల గట్టు కూడా వేశారు. రోజుల్లో పెట్టగలిగిన బోర్డు అంతకుముందు దశాబ్దాల పాటు లేకపోయింది.

1967లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకెక్కిన ఎలిగేటర్, పూర్తిగా కోలుకుని 1987లో ఆ జాబితా నుంచి బయటపడింది. ఇప్పుడు ఫ్లోరిడాలో 13 లక్షల దాకా ఉంటాయని రాష్ట్ర వన్యప్రాణి సంస్థ అంచనా. ఉన్న 67 కౌంటీల్లో అవి లేని కౌంటీ లేదు. రెచ్చగొట్టకుండానే మనిషిని కరిచిన ఘటనలు 1948 నుంచి 2022 దాకా 453, అందులో ప్రాణం పోయినవి 26. ఈ సంఖ్యను చూసి నిశ్చింతగా ఉండమని నేను చెప్పను, ఇలాంటి దాడులు ఎక్కడ జరుగుతున్నాయో చూడమంటాను. 2018లో సౌత్ కరోలినాలోని హిల్టన్ హెడ్ ద్వీపంలో చనిపోయిన మహిళా, 2023 ఫిబ్రవరిలో ఫోర్ట్ పియర్స్‌లోని వృద్ధుల కాలనీలో పది అడుగులు దాటిన ఎలిగేటర్‌కు బలైన 85 ఏళ్ల వృద్ధురాలూ కుక్కను తిప్పుతూ కాలనీ నీటి అంచుకు వెళ్లినవాళ్లే.

పసిపిల్లలున్న చోట మొసలికి చోటేమిటి, అన్నిటినీ పట్టించేస్తే పీడ పోతుంది కదా అనేవాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పెద్ద ఎలిగేటర్ ఆటస్థలం పక్కన ఎండ కాగుతుంటే ఫోన్ చేయవలసిందే. నాలుగు అడుగులు దాటి, మనిషికో పెంపుడు జంతువుకో ముప్పని తోచిన ఎలిగేటర్‌ను కాంట్రాక్టు ట్రాపర్ వచ్చి పట్టుకుపోయే పథకం 1978 నుంచి నడుస్తోంది. దాన్ని ఎక్కడో అడవిలో వదులుతారని ఫోన్ చేసినవాళ్లలో చాలామంది నమ్మకం. వదిలితే పట్టిన చోటికే తిరిగి రావాలని చూస్తుంది గనుక మామూలుగా చంపేస్తారు. తోలూ మాంసమూ ట్రాపర్ అమ్ముకుంటాడు. ఇలా ఏటా వేలల్లో పోతున్నాయి. గుంట అలాగే ఉంది, తూము అలాగే ఉంది, చేపలూ ఉన్నాయి. ఖాళీ అయిన చోటికి ఇంకొకటి రాకుండా ఆపేది ఏముంది?

మన వంతు తప్పూ చెప్పుకోవాలి. టాంపా శివారులో మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, ఊరి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు రోజూ సాయంత్రం మిగిలిన అన్నం స్టీలు గిన్నెలో పట్టుకుని గుంట దగ్గరికి నడిచేవారు. గోదావరి గట్టున పుట్టిన మనిషి, చేపలకు మెతుకులు వేయడం పుణ్యమని నమ్మినవారు. గిన్నె చప్పుడుకే తాబేళ్లు బారులు తీరేవి. మూడో రోజు ఆ తాబేళ్ల వెనక రెండు బుడిపెలు కదలకుండా నిలిచాయి. ఎలిగేటర్ కంటికీ ముక్కు కొసకూ మధ్య ఎన్ని అంగుళాలుంటే ఒళ్లు దాదాపు అన్ని అడుగులని అక్కడివాళ్ల లెక్క. ఆ రోజు చూపు మేరకు వేసిన లెక్కలో ఏడు తేలింది. "బాబూ, ఇది కూడా అన్నానికే వచ్చిందంటావా?" అని ఆయన నన్ను అడిగారు. మెతుకులకు చేపలొస్తే, చేపలకు అది వస్తుంది. మనిషి చేతి తిండికి అలవాటుపడ్డ ఎలిగేటర్‌కు మనిషంటే ఉండవలసిన బెదురు పోతుంది, అందుకే వాటికి తిండి వేయడం అక్కడ నేరం. మన ఊళ్లో పుణ్యమైన పని ఆ గట్టున ప్రమాదమెందుకైందో ఆ పెద్దాయనకు ఇల్లు అమ్మినవాడూ చెప్పలేదు, సంఘమూ చెప్పలేదు.

గుజరాత్‌లోని చరోతర్ ప్రాంతంలో, మలాతజ్ లాంటి ఊళ్ల చెరువుల్లో మగ్గర్ మొసళ్లు ఏనాటి నుంచో ఉన్నాయి. మలాతజ్‌లో మొసలి వాహనంగా ఉన్న ఖోడియార్ మాతకు గుడి కూడా ఉంది. ఆ చెరువుల దగ్గరే ఊరివాళ్ల పనులూ పశువుల పనులూ సాగుతాయి. ప్రమాదమే లేదని కాదు, నీళ్లలో మొసలి ఉందని తెలియని మనిషి ఆ ఊళ్లో దొరకడు. ఫ్లోరిడా కాలనీలో కొరవడింది సరిగ్గా ఆ ఎరుకే. కొనుగోలు కాగితాల్లో ఎలిగేటర్ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. కొన్ని అడుగుల మేర పచ్చిక తీసేసి మొక్కల పట్టీ పెంచి, నడక దారిని నీటికి దూరంగా జరపాలి. గుంటకు కంచె కావాలన్న ఇంటిని దృశ్యం పేరుతో అడ్డుకోకూడదు. మొక్కల్లో మొసలి దాక్కోదా అంటారు. దాక్కోవచ్చు, కానీ ఆ పట్టీ దాటి కుక్కను నీటి దాకా తీసుకెళ్లేవాళ్లు తగ్గుతారు.

నీటిని దృశ్యంగా అమ్మే వ్యాపారం మనకూ కొత్త కాదు. హైదరాబాద్‌లో చెరువు నిండితే నీరు ఎంతవరకు వస్తుందో చెప్పే ఎఫ్‌టీఎల్ హద్దును పట్టించుకోకుండా 'లేక్ వ్యూ' ఫ్లాట్లు అమ్మినవాళ్లను చూశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు అందరం ఏరునే తిట్టుకున్నాం. ఇక్కడ ఏరు, అక్కడ మొసలి. రెండూ తమకు తెలిసిన దారిలోనే వచ్చాయి.

ఫ్లోరిడాలో ఎలిగేటర్ గుడ్లు పగిలేది ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకా. ఆ తర్వాత నెలల తరబడి తల్లి పిల్లల చుట్టూ కాపలా తిరుగుతుంది, పొద్దు వాలాక మరింత చురుగ్గా ఉంటుంది. బతుకమ్మను నీళ్లలో సాగనంపేదీ ఆ రోజుల్లోనే, ఆ వేళకే. పట్టుచీరలు తడవకుండా గట్టు అంచున వంగి పూలు వదలాలనుకునే అక్కడి తెలుగు సంఘాలు పార్కింగ్ స్థలంలో పెద్ద తొట్టి ఒకటి నింపి పెట్టుకుంటే గౌరమ్మ ఏమీ అనుకోదు.