ట్రిప్లికేన్ బడిలో తెలుగు వాటా

చెన్నైలో ఏ పాత స్కూలుకెళ్లినా హెడ్మాస్టర్ గది బయట ఒక చెక్క బోర్డు కనిపిస్తుంది. నల్ల వార్నిష్ మీద పసుపు అక్షరాలు, ఏ ఏడాది ఎవరు ఫస్టొచ్చారో వరసగా. దాని ముందు నిలబడ్డ తెలుగువాడు ఏం చేస్తాడో నాకు తెలుసు, నేనూ అదే చేస్తాను కాబట్టి. ఇందులో మనవాళ్లెవరా అని వెతుకుతాడు. ఈ ఊళ్లో అది అంత సులువైన పని కాదు. 'రావు' కనపడిందని సంబరపడితే ఆయన తంజావూరు మరాఠీ కావచ్చు. 'నాయుడు' అయితే ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఉత్తరం ముక్క మాత్రం తమిళంలో రాసుకునే మనిషి కావచ్చు. పేర్లు చూసి లెక్క తేల్చలేం.

అసలు ఆ లెక్కే తప్పని నా అభిప్రాయం. ఒక బడిలో మన వాటా ఎంతో తెలియాలంటే అక్కడ మన భాషలో పాఠం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎవరు ఆపారు అని అడగాలి.

ట్రిప్లికేన్ బిగ్ స్ట్రీట్‌లోని హిందూ హైస్కూల్ సంగతే చూడండి. పార్థసారథి గుడి నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. హెన్రీ ఇర్విన్ ప్లాన్ ప్రకారం 1897లో కట్టిన ఎర్ర భవనం. దీని గురించి ఎవరు రాసినా సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌తోనే మొదలుపెడతారు. 1983లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఆయన ఇక్కడ చదివింది 1922 నుంచి 1925 దాకా. అంతకుముందు చదువంతా ఇంట్లోనే, తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. అయినా మావాడే అంటారు. ఏ స్కూలైనా అంటుంది, తప్పేం లేదు. రెండో పేరు వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి. తెల్లదొరలే మెచ్చుకున్న ఇంగ్లిష్ ఆయనది. 1907లో గోఖలే పెట్టిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో చేరకముందు ఇక్కడ హెడ్మాస్టరుగా పనిచేశారు. నాకైతే ఆయన ఇంగ్లిష్ కన్నా ఇంకో సంగతి ముచ్చటేస్తుంది. 1904లో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీని మొదలుపెట్టినవాళ్లలో ఆయన కూడా ఒకరు. పప్పూ బియ్యం సరసమైన ధరకి దొరకాలని పెట్టుకున్న ఆ సంఘం ఇప్పటికీ ఊళ్లో దుకాణాలు నడుపుతోంది.

ఈ రెండు పేర్లకూ ముందున్న పేజీని మాత్రం అందరూ గబగబా తిప్పేస్తారు. 1852లో ఇక్కడ మొదలైంది ఒక బడి కాదు, రెండు. తమిళ పిల్లలకు ద్రావిడ పాఠశాల, తెలుగు పిల్లలకు ఆంధ్ర బాలుర పాఠశాల. 1860లో రెండూ కలిసి ఒక్కటయ్యాయి. ఇవాళ మనం చూసే హైస్కూల్‌కి మూలం ఆ కలయికే. అంటే పునాదిలో ఒక పక్క ఇటుకలు మనవి.

1852 అన్న ఏడాదిని కాస్త ఆగి చూడాలి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు మద్రాసులో అచ్చయింది ఆ ఏడాదే. గాజుల లక్ష్మీనరసు చెట్టి మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టి, కంపెనీ పాలన మీద లండన్‌కి అర్జీ పంపింది కూడా ఆ ఏడాదే. గంజాం నుంచి నెల్లూరు దాకా తెలుగు జిల్లాలన్నీ ఈ ఊరి కచేరీల నుంచే నడుస్తున్న కాలం అది. తెలుగు దస్తావేజు చదవగలిగే గుమస్తా కావాలి, తెలుగులో సాక్ష్యం విని రాసే మనిషి కావాలి. జార్జిటౌన్‌లో కోమట్ల ఖాతా పుస్తకాలు తెలుగులో నడిచేవి. తెలుగు నేర్పే బడి అప్పుడు భాషాభిమానం కోసం పెట్టింది కాదు, కూటి కోసం పెట్టింది. ఆ బలం పోయాకే తెలుగు క్లాసులు బలహీనపడ్డాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి తెలుగు ఉద్యోగులు కర్నూలుకి మూటాముల్లె సర్దుకున్నారు. తర్వాత కొన్ని దశాబ్దాలు సినిమావాళ్ల పుణ్యమా అని టీనగర్, కోడంబాక్కంలో తెలుగు వినపడింది. స్టూడియోలు హైదరాబాద్ దారి పట్టాక అదీ పలచబడింది.

మనం మాత్రం ఇప్పటికీ సినిమా లెక్కే చెప్పుకుంటాం. వెంకటేశ్ ఎగ్మోర్ డాన్ బాస్కోలో చదివాడు, విశ్వనాథన్ ఆనంద్ స్కూలు కూడా అదే. మహేశ్ బాబు శాంథోమ్‌లో సెయింట్ బీడ్స్. ఈ జాబితా చెప్పేటప్పుడు మన గొంతులో ఒక గర్వం పలుకుతుంది. కానీ తనకు తెలుగు చదవడం, రాయడం రాదని, డైలాగులు విని గుర్తుపెట్టుకుంటానని మహేశ్ బాబే ఇంటర్వ్యూల్లో దాపరికం లేకుండా చెప్పారు. అది ఆయన తప్పు కాదు. ఈ ఊళ్లో పెరిగిన మా తరంలో చాలామందిది అదే పరిస్థితి. మనం గర్వంగా చూపించే పేరే మనం పోగొట్టుకున్నదేమిటో చెబుతుంటే ఇక ఆ జాబితా దేనికి?

బడి సంప్రదాయం అంటే స్కూల్ డే నాటి మార్చ్‌పాస్ట్, ప్రార్థన గీతం, హౌస్ రంగులు అనుకుంటాం. నన్నడిగితే ఈ ఊరి బడులు దేశానికిచ్చిన అతి పెద్ద సంప్రదాయం మధ్యాహ్నం పళ్లెంలో ఉంది. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ స్కూల్లో పిల్లలకు పగటి తిండి పెట్టడం మొదలైంది. పిల్లాడికి రోజుకు అణా మించకుండా ఖర్చు. త్యాగరాయ చెట్టి తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంటివాడు. టీనగర్‌లో 'టీ' ఆయనే. ఆ తిండి తిని చదువుకున్నవాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు.

డాక్టర్ కె.ఎన్. కేసరి కూడా ఆ కోవవాడే. ఒంగోలు వైపు నుంచి చిన్నప్పుడే లేమితో మద్రాసు చేరి, ఆయుర్వేద మందులతో సంపాదించి, గృహలక్ష్మి పత్రిక నడిపి, తెలుగు పిల్లల కోసం బడి పెట్టాడు. కేసరి స్కూల్ అంటే పాత మద్రాసు తెలుగువాళ్లకు ఇంకో వివరం చెప్పక్కర్లేదు.

నేను చదివిన స్కూలు పేరు ఇక్కడ అనవసరం. ఎనిమిదో తరగతిలో సెకండ్ లాంగ్వేజ్ పీరియడ్ బెల్లు కొట్టగానే మూడు సెక్షన్ల నుంచి పదకొండు మందిమి పుస్తకాలు పట్టుకుని మెట్ల కింద గదికి వెళ్లేవాళ్లం. సగం గదిలో విరిగిన బెంచీలు, పాత మ్యాపులు. పైన ఎవరో మెట్లు దిగినప్పుడల్లా తెలుగు మిస్ ఒక్క క్షణం ఆగి, మళ్లీ పద్యం అందుకునేది. మా డిక్టేషన్ దిద్దుతూ, "ఒత్తులన్నీ తమిళ గాలికి ఎగిరిపోయాయర్రా" అనేది. నిజమే, మాకు 'ఖ'కీ 'క'కీ తేడా చెవికి ఆనేది కాదు. ఆవిడ రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. మా జూనియర్లను హిందీకో తమిళానికో మారమన్నారు. ఒక్క పేరెంటూ గొడవ చేయలేదు. మా నాన్నతో సహా.

అందుకే ఈ విషయంలో తప్పంతా ప్రభుత్వం మీదకు తోస్తే నాకు నచ్చదు. తమిళం తప్పనిసరి చేసిన చట్టం 2006లో వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో మెట్టు ఎక్కుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. భాషా మైనారిటీలు కోర్టుకెళ్లి మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చారు, 2023లో సుప్రీంకోర్టు మరో ఏడాది పొడిగించింది కూడా. ఏడాదికోసారి కోర్టు గుమ్మం ఎక్కితే తప్ప పిల్లాడు ఏ భాషలో పరీక్ష రాస్తాడో తేలకపోవడం అన్యాయమే. ఆ టెన్షన్‌లో పిల్లాడికి తెలుగు మీద ప్రేమ పుడుతుందా? అయితే తమిళం నేర్చుకోవడం మనకు శిక్షేమీ కాదు. ఈ ఊళ్లో బతికేవాడికి అది అక్కరకొచ్చే భాష, ఇరుగు పొరుగుల భాష. రాజ్యాంగంలో 30వ అధికరణ మైనారిటీలకు సొంత బడులు పెట్టుకునే హక్కిచ్చింది, 350ఎ చిన్న తరగతుల్లో మాతృభాషలో చదువు చెప్పించమంది. హక్కుంది సరే, క్లాసులో కూర్చునే పిల్లలెక్కడ? ఫ్రెంచ్ తీసుకుంటే మార్కులొస్తాయని సీబీఎస్ఈ స్కూళ్లలో లెక్కలు వేసుకున్నది చట్టం కాదు, మనమే. బ్యాచ్‌లో నలుగురే మిగిలితే ఏ కరస్పాండెంటైనా ఆ పోస్టు తీసేస్తాడు.

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు రీయూనియన్ హడావుడి. స్కూలుకి గుర్తుగా గ్రానైట్ బోర్డు ఇద్దామని, దాని మీద ఫస్టొచ్చినవాళ్ల పేర్లు మళ్లీ చెక్కిద్దామని అనుకున్నారు. కొటేషన్ లక్షా పది వేలు. అదే డబ్బుతో నెలకు పది వేలకు పార్ట్‌టైమ్ తెలుగు టీచర్ని పెడితే పదకొండు నెలలు నడుస్తుంది, అంటే ఇంచుమించు ఒక విద్యా సంవత్సరం. స్కూలువాళ్లు ఒప్పుకుంటారేమో అడుగుదామని రాశాను. "సూపర్ ఐడియా అన్నా" అని ఒకడు ఇంగ్లిష్ అక్షరాల్లో బదులిచ్చాడు. ఇద్దరు బొటనవేలు చూపించారు. పది నిమిషాలకి ఇంకెవరో గ్రానైట్ డిజైన్ పెట్టి, "పేర్లు ఇంగ్లిష్‌లో చాలు కదా, తెలుగులో చెక్కేవాడు దొరకడు" అన్నారు.