సముద్రం దాటొచ్చే నెట్టు, బీరువా దాటట్లేదు

రౌటర్ ఎలా కొనాలన్న విషయంలో విశాఖపట్నం ప్రజల మధ్య ఏ అభిప్రాయభేదమూ లేదు. కొమ్ములు లెక్కపెట్టాలి. అంతే. ద్వారకానగర్ వైపు ఏ కంప్యూటర్ షాపులోనైనా ఓ పావుగంట నించోండి, ఎవరొచ్చినా మొదట అడిగేది "ఎన్ని యాంటెన్నాలు?" అనే, రెండంటే మొహం చిట్లిస్తారు, నాలుగంటే తలూపుతారు, ఆరంటే ఇంక బేరం కూడా సరిగ్గా ఆడరు. రెండో ప్రశ్న "ఎన్ని గోడలు దాటతాది?" అని. గోడలు వీళ్ళవి, షాపబ్బాయి ఎప్పుడూ చూళ్ళేదు, అయినా ఏమాత్రం తడుముకోకుండా "మూడు దాటతాది సార్" అంటాడు. మూడే ఎందుకని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

ఇలాంటి శాస్త్రీయ పద్ధతిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాకపోతే అట్టపెట్టె మీద రాసింది కూడా ఒకసారి చదివితే బావుంటుందేమో అని మనవి. ముందువైపు ఏసీ1200 అని ఉంటుంది కదా (ఏసీ అంటే చల్లగాలిది కాదు, వైఫైలో ఒక రకం), అంటే 1200 స్పీడు వచ్చేస్తుందని కాదు, వైఫై నడిచే రేడియో బ్యాండ్లు రెండు, 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867, రెండూ కూడేసి కాస్త సాగదీసి రాసిన అంకె అది, మీ ఫోను ఒకేసారి ఆ రెండిట్నీ వాడుకోలేదు. అదే పెట్టె వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 10/100 పోర్టులు (వైరు గుచ్చే కన్నాలు) అని ఉంటుంది, అసలు కథ అక్కడుంది. ఆ పోర్టు 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 100 మెగాబిట్లు, దాటనివ్వదు. అంచేత 200 ప్లాన్ కట్టి ఈ డబ్బా తగిలించిన పెద్దమనిషి జన్మలో 95 పైన చూడడు, చూడక కంపెనీని తిడతాడు, కంపెనీ కుర్రాడొచ్చి తమ డబ్బాకి నేరుగా వైరు పెట్టి "200 వస్తంది సార్, సూడండి" అని ఫోటో తీసుకుని పోతాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, అదే బాధ. గిగాబిట్ పోర్టులున్నది, అంటే వెయ్యి దాకా పోనిచ్చేది, కొనాలంటే ఇంకొంచెం ఎక్కువవుతుంది, కానీ దానివల్ల కొమ్ములేం పెరగవు కాబట్టి ఇంట్లో సాంక్షన్ అవ్వదు.

మా బంధువుల్లో ఒక మావయ్య ఉన్నాడు, ఆయన అంకెలూ చూడడు కొమ్ములూ చూడడు, రేటు మాత్రం చూస్తాడు. ఆన్‌లైన్ సేల్‌లో చవగ్గా కనిపించిందని ఏడీఎస్‌ఎల్ మోడెమ్ తెప్పించాడు. అది పాత ల్యాండ్‌లైన్ తీగ మీద నడిచే రకం, ఆ టెక్నాలజీ మహా అయితే 24 ఎంబీపీఎస్ ఇస్తుంది, మావయ్య ఇంటికేమో ఫైబర్ వచ్చి చాలాకాలమైంది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు, దాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చడానికి ఓఎన్‌టీ అనే డబ్బా కావాలి, అది మామూలుగా కంపెనీ వాళ్ళే ఇస్తారు, దాని పక్కన మనం కొనుక్కునే రౌటర్‌కి వ్యాన్ పోర్టు, అంటే ఆ డబ్బా నుంచి వచ్చే వైరు పట్టే కన్నం, ఉంటే సరిపోతుంది. మావయ్య కొన్నదానికి ఉన్నది ఫోన్ పిన్ను పట్టే కన్నం. ఇప్పుడది షోకేస్‌లో కొండపల్లి బొమ్మల పక్కన ఉంది, ప్లగ్గులో పెట్టే ఉంచారు, లైట్లు బాగా వెలుగుతాయని.

ఇంతలో ఊరి పరిస్థితి చూడండి. 2025 అక్టోబర్‌లో గూగుల్ వాళ్ళు ఢిల్లీలో కూర్చుని విశాఖలో 15 బిలియన్ డాలర్లు పెడతాం అన్నారు, డేటా సెంటర్ కడతాం, సముద్రం అడుగు నుంచి కేబుల్ తెచ్చి మన తీరంలోనే ఎక్కిస్తాం అన్నారు. ఇన్నాళ్ళూ అలాంటి కేబుళ్ళు ఎక్కువగా ముంబైలోనో చెన్నైలోనో ఒడ్డెక్కేవి, ఇప్పుడు మన దగ్గర. ఆరోజు నుంచీ మా వీధి టీకొట్టు దగ్గర అందరూ నెట్‌వర్క్ ఇంజనీర్లే. "ఇంకేటి, కేబుల్ ఇక్కడే దిగిపోతాది, మనకి నెట్ దంచేస్తాది" అని ఒకాయన అంటే అందరూ తలాడించారు. ఆ తలాడించిన వాళ్ళలో ఒక్కడి పడగ్గదిలో కూడా వాట్సాప్ ఫోటో తిన్నగా తెరుచుకోదు.

లెక్కేసి చూద్దాం. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కణ్ణుంచి చెన్నైకి దగ్గర దగ్గర 800 కిలోమీటర్లు అనుకుంటే 4 మిల్లీసెకన్లు, కన్నార్పేలోపు చాలాసార్లు వెళ్ళిరావచ్చు. అంత దూరం నుంచి ఏ ఇబ్బందీ లేకుండా మన వీధి చివరి స్తంభం దాకా వచ్చి, అక్కణ్ణుంచి కిటికీ కన్నంలోంచి హాల్లోకి దూరి, హాల్లోంచి వెనక బెడ్‌రూమ్‌కి ఆ ముప్ఫై అడుగులు పోలేక చతికిలబడిపోతోంది. దీనికి గూగుల్‌ని ఏమనగలం. కాబట్టి నేను ప్రభుత్వానికి సీరియస్‌గా ప్రతిపాదిస్తున్నది ఏంటంటే, తీరం దాకా తెచ్చే బాధ్యత గూగుల్ వాళ్ళు తీసుకున్నారు గనక, హాలు నుంచి బెడ్‌రూమ్ దాకా తెచ్చే బాధ్యత ఒక ప్రత్యేక మంత్రిత్వ శాఖకి ఇవ్వాలి.

అసలు మన ఇళ్ళల్లో రౌటర్ ఎక్కడుండాలో నిర్ణయించే అధికారం ఎవరిదో గమనించారా? మొదటి ఓటు డ్రిల్లు పట్టుకొచ్చిన కుర్రాడిది, వాడి వైరు ఎక్కడిదాకా వస్తే అక్కడే డబ్బా, అంటే నూటికి తొంభై ఇళ్ళల్లో వీధి కిటికీ పక్కన. దాంతో సగం సిగ్నల్ వీధిలోకి పోతుంది, మన డబ్బుతో కుక్కలకి వైఫై. రెండో ఓటు ఇంట్లో ఆడవాళ్ళది, ఆ వైర్లు కనపడకూడదు కాబట్టి టీవీ వెనక్కి తోసేస్తారు, లేదా షోకేస్ తలుపేసేస్తారు, పైన దుమ్ము పడకుండా అత్తగారు అల్లిన క్రోషియా గుడ్డ ఒకటి, గాలి ఆడక డబ్బా వేడెక్కి మధ్యాహ్నం రెండింటికల్లా దానంతటదే ఆగిపోతుంది. మూడో ఓటు వాస్తుది. మా వీధిలో ఓ రిటైర్డ్ హెడ్మాస్టారు ఇది అగ్నితత్త్వం గల వస్తువు కాబట్టి ఆగ్నేయంలోనే ఉండాలని తీర్మానించి వంటింట్లో పెట్టించారు. ఆగ్నేయంలో ఇంకేముంది? మైక్రోవేవ్ ఉంది. అది పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, వైఫై 2.4 బ్యాండు కూడా అక్కడే. అంచేత మాస్టారి గారింట్లో పొద్దుటి ఉప్మా వేడిపెట్టినప్పుడల్లా డల్లాస్‌లో ఉన్న మనవరాలు నోరు తెరిచి అలాగే బిగుసుకుపోతుంది, ఉప్మా వేడెక్కి టింగుమన్నాక మళ్ళీ కదుల్తుంది. "అక్కడ నెట్ బాలేదే తల్లీ?" అని మాస్టారు అమెరికా మీద జాలిపడతారు.

ఇక దారిలో అడ్డాలు. గాడ్రేజ్ బీరువా ఇనుము, దానికి నిలువుటద్దం వెనక లోహపు పూత, ఈ రెండూ సిగ్నల్‌ని వెనక్కి కొట్టేస్తాయి, పైగా మన బీరువా ఎప్పుడూ హాలుకీ పడగ్గదికీ మధ్య గోడకే ఆనించి ఉంటుంది. చేపల తొట్టి ఉంటే ఇంకా మంచిది, నీళ్ళు మిగిలింది పీల్చేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ స్పీడుగానే ఉంటుంది గానీ గోడ కనపడితే నీరసపడిపోతుంది, 2.4 కాస్త దూరం నడుస్తుంది గానీ వీధిలో ప్రతి ఇంటివాడూ అందులోనే ఉంటాడు. అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్ళు మూడే, 1, 6, 11. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఖాళీగా ఉన్నది మార్చుకోవచ్చు, రెండు నిమిషాల పని. కానీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళాలంటే డబ్బా అడుగున స్టిక్కర్ చూడాలి, స్టిక్కర్ చూడాలంటే క్రోషియా గుడ్డ తియ్యాలి, అది తీసే ధైర్యం ఎవడికుంది.

ప్లాన్‌లో రాసిన స్పీడు గురించి కూడా చెప్పుకోవాలి. సింహాద్రి అప్పన్న అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు చందనం లేకుండా నిజరూప దర్శనం ఇస్తాడు, మిగతా ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. 100 ఎంబీపీఎస్ కూడా అంతే, ఏ తెల్లారగట్ల మూడింటికో లేచినవాడికి దర్శనమవుతుంది. పైగా ఆ వంద బిట్లలో లెక్క, ఫోన్లో డౌన్‌లోడ్ చూపించేది బైట్లలో, ఎనిమిదితో భాగించాలి, 12.5 వస్తే అదే పూర్తి వంద. ఈ భాగహారం తెలీక విడిపోయిన స్నేహాలున్నాయి.

నెట్ పోయినప్పుడు ఏం చెయ్యాలన్న దానిమీద కూడా మన దగ్గర ఒకటే వైద్యం, ఆపి మళ్ళీ వెయ్యి. చాలాసార్లు పనిచేస్తుంది, కాదన్ను. కానీ ఎల్‌ఓఎస్ అని రాసున్న దగ్గర ఎర్రగా వెలిగితే అసలు వెలుతురే ఇంటిదాకా రావట్లేదని, బయట వైరు తెగిందో నలిగిందో లేక డబ్బా వెనక పసుపు తీగని ఎవరో టీవీ స్టాండు కింద మడిచేశారో అని అర్థం, అప్పుడు మీరు స్విచ్చి అరిగిపోయేలా నొక్కినా లాభం లేదు. హుద్‌హుద్ వచ్చిన 2014 తర్వాత కొన్ని ఏరియాల్లో కరెంటు తీగల్ని భూమిలోకి దింపారు, నెట్ వైర్లు మాత్రం ఇంకా చెట్టు నుంచి చెట్టుకి, డాబా నుంచి డాబాకి వేలాడుతూనే ఉన్నాయి, కొబ్బరి మట్ట పడితే చాలు వీధంతా సన్యాసం. బీచ్‌కి దగ్గరున్న ఇళ్ళల్లో అయితే ఉప్పుగాలికి ఇనప గ్రిల్లే నిలబడదు, బాల్కనీ ప్లగ్గులో పెట్టిన అడాప్టర్ పిన్ను సంగతి చెప్పక్కర్లేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే (ఏ కంపెనీ అనేది వదిలేద్దాం) ముందు పాట, తర్వాత మీ సమస్య మాకెంతో ముఖ్యం అని ఒక గొంతు, తర్వాత మళ్ళీ పాట. అంచేత అందరం లోకల్ ఆపరేటర్ దగ్గర కుర్రాడికే చేస్తాం. మొన్న పక్కింటి పెద్దమ్మ స్పీకర్ పెట్టి మాట్లాడుతోంది.

"ఏటి పెద్దమ్మా, ఎర్ర లైటు ఎలుగుతోందేటి?"

"ఎలుగుతోంది నాయినా. సుబ్బరంగా ఎలుగుతోంది."

"అది ఎలగకూడదే!"

"మరి పచ్చది ఆరిపోనాది, అది?"

"అది ఎలగాలి."

"నీకేది కావాలో అది ఎలిగించుకోడానికి నువ్వే రా నాయినా, నాకు సీరియల్ టైమవుతోంది."

వాడు వచ్చేలోపు ఆవిడ మేనల్లుడు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, వెనక చిన్న కన్నంలోకి పిన్నీసు దూర్చి పది సెకన్లు నొక్కిపట్టాడు. ఆ కన్నం పేరు రీసెట్. దాంతో లోపలున్న యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై పేరు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు వైరు అతికించినా నెట్ రాదు. కుర్రాడొచ్చి డాబా ఎక్కి వైరు అతికించి, కిందకొచ్చి అవన్నీ మళ్ళీ కొడుతూ "కన్నంలో ఎవరు పెట్టేరు?" అని అడిగితే మేనల్లుడు పుస్తకం చదువుకుంటున్నాడు.

నిజానికి తప్పు ఎక్కడుందో తెలుసుకోడానికి పెద్ద విద్య అక్కర్లేదు. లాప్‌టాప్‌కి లాన్ వైరు (వైఫై లేకుండా నెట్ తెచ్చే తీగ) పెట్టి రౌటర్‌కి నేరుగా తగిలించి స్పీడు చూడండి, అక్కడ పూర్తిగా వస్తుంటే కంపెనీ లైను బానే ఉన్నట్టు, తేడా మీ వైఫైలో, మీ గోడల్లో, మీ బీరువాలో ఉన్నట్టు. ఇంత సులువు కాబట్టే ఎవరూ చెయ్యరు. దీనికి బదులు రిపీటర్ కొంటారు, అంటే వచ్చిన సిగ్నల్‌ని విని మళ్ళీ చెప్పే డబ్బా. కొని దాన్ని ఎక్కడ పెడతారయ్యా అంటే సిగ్నల్ రాని గదిలో. సిగ్నల్ లేని చోట కూర్చుని అది దేన్ని రిపీట్ చేస్తుంది? సిగ్నల్ లేకపోవడాన్నే ఇంకాస్త గట్టిగా చెప్తుంది, ఫోన్లో మాత్రం నాలుగు గీతలూ ఫుల్లుగా కనిపిస్తాయి, అందరూ సంతోషిస్తారు. సగం దూరంలో, సిగ్నల్ ఇంకా బతికున్న చోట పెట్టాలి, అప్పుడు కూడా ఒకే బ్యాండు మీద విని చెప్పాలి కాబట్టి స్పీడు ఇంచుమించు సగానికి పడుతుంది.

అన్నిటికన్నా మంచి మందు చవకది, హాల్లోంచి వెనక గదిలోకి ఒక లాన్ వైరు లాగి అక్కడ ఇంకో చిన్న రౌటర్ పెట్టడం. గోడకి వేలెడు కన్నం పడుతుంది, అంతే. అద్దె ఇల్లు కాబట్టి పద్ధతి ప్రకారం ఎదుటి పోర్షన్‌లో ఉండే ఓనర్ గారిని అడిగాను. ఆయన అరుగు మా హాలు కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది, సాయంత్రాలు అక్కడే పడక్కుర్చీలో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. కళ్ళజోడు పైకి తోసి, చాలాసేపు ఆలోచించి, "సూడు బాబూ, గోడకి మేకు కూడా కొట్టొద్దని అగ్రిమెంట్ల రాసుకున్నాం కదా, కన్నం అంటే ఎలాగ" అన్నారు. సరేనండీ అని వెనక్కి తిరిగాను.

"అదలా వదిలెయ్ గానీ, నిన్నట్నుంచి మీ వైఫై నా ఫోన్ల పాస్‌వర్డ్ తప్పంటోంది, మార్చేసేరేటి?"